పాత ఇల్లు కూల్చితే వచ్చే కాంక్రీటు, ఇటుక ముక్కలు, మిగిలిపోయే రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి లారీలో వచ్చే కాంక్రీటు): కొత్త కట్టడంలో ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడకూడదు?

#1 పాతింటివాడు
మల్కాజిగిరిలో 1987లో కట్టిన జీ ప్లస్ వన్ ఇల్లు. వచ్చే నెల కూల్చేసి అక్కడే కొత్తది కడుతున్నాం. స్లాబులు రెండూ కలిపి 2400 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం. గోడలు 9 అంగుళాల ఎర్ర ఇటుక, సిమెంటు మాలు. కూల్చే కాంట్రాక్టరు ఇనుమంతా తనకు వదిలేస్తే మిగతాది తనే ఎత్తుకుపోతానంటున్నాడు. ఎక్కడ పోస్తావయ్యా అంటే నీళ్ళు నములుతున్నాడు. ఏ చెరువు శిఖంలోనో దించేస్తాడని అనుమానం.

స్లాబు ముక్కల్ని కొట్టించి కంకర చేసి కొత్త స్లాబులో కలపొచ్చా? ఇటుక ముక్కలు బేస్‌మెంట్ ఫిల్లింగ్‌కి పనికొస్తాయా? సిమెంటు ఇటుకలు పోయించుకోవచ్చా? ఇంకోటి, మా వీధిలో మొన్న స్లాబు పోసిన చోట రెడీమిక్స్ లారీ మిగిలిన మాలంతా రోడ్డు వారన పారబోసి పోయింది. ఇప్పుడది బండ. మా స్లాబప్పుడు అలా జరక్కుండా ముందే ఏం చూసుకోవాలి?

#2 క్యూబ్‌టెస్ట్
ముందు ఎంత వస్తుందో లెక్కేద్దాం. 2400 చదరపు అడుగులంటే 223 చదరపు మీటర్లు. 5 అంగుళాల మందానికి 28 ఘనపు మీటర్లు, టన్నుల్లో 67. బీములు, మెట్లు, సజ్జలు కలిపి 80 టన్నులు అనుకోండి.

గోడలు అంతస్తుకు 200 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, ముప్పావు అడుగు మందం అనుకుంటే రెండంతస్తులకు 3000 ఘనపుటడుగులు. తలుపులు, కిటికీల ఖాళీ తీసేస్తే 2500, అంటే 70 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 1.8 టన్నుల చొప్పున 127 టన్నుల దాకా.

చూశారా, అందరూ కాంక్రీటు గురించే అడుగుతారు గానీ మీ దగ్గర వచ్చేదాంట్లో ఎక్కువ భాగం ఇటుకే. కూల్చాక గుల్లబారి 1.4 రెట్లు ఉబ్బుతుంది. 100 ఘనపుటడుగుల ట్రాక్టరు లెక్కన 50 ట్రిప్పులు.

#3 రూల్‌బుక్
పై లెక్కకు ఒక మాట. 2016 నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాల్లో ఒక్కరోజులో 20 టన్నులు గానీ, ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు గానీ దాటితే వేరుచేసి పెట్టాలని ఉంది. నాలుగు కుప్పలు: కాంక్రీటు ఒకటి; మట్టి ఒకటి; ఇనుము, చెక్క, ప్లాస్టిక్ ఒకటి; ఇటుక, మాలు ఒకటి. మీకు 300 తగలకపోవచ్చు, కానీ బ్రేకర్ పెట్టి కూలిస్తే రోజుకు 20 ఇట్టే దాటుతుంది. వాటి స్థానంలో 2025లో వచ్చిన కొత్త నియమాలు 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. వాటిలో ఉత్పత్తిదారుడి బాధ్యత (వ్యర్థాన్ని రీసైకిల్ చేయించే పని కట్టించేవాడిదే అనడం) 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న నిర్మాణాలకు.

నియమం సంగతి పక్కన పెట్టినా ఆ నాలుగు కుప్పలు మీకే లాభం. కలిసిపోయిన కుప్ప ఫిల్లింగ్‌కి కూడా సరిగా పనికిరాదు.

#4 మేస్త్రిమాట
స్లాబు ముక్కల కంకర కొత్త స్లాబులో వద్దే వద్దు. ఆ ఆలోచన మానుకోండి.

#5 బ్యాచ్‌ప్లాంట్
#4, "వద్దే వద్దు" అనడం సరికాదన్నా. కంకర మీద భారత ప్రమాణం ఐఎస్ 383:2016లో రీసైకిల్డ్ కాంక్రీట్ కంకరకు చోటిచ్చారు. ఆర్‌సీసీలో 20 శాతం వరకు, అదీ ఎం25 గ్రేడు (28 రోజులకు చదరపు మి.మీ.కు 25 న్యూటన్ల బలం) దాకానే. ఇనుము లేని కాంక్రీట్లో 25 శాతం. ఎం15 కంటే తక్కువ గ్రేడు లీన్ కాంక్రీట్లో (సిమెంటు తక్కువ వేసేది) 100 శాతం. ఇటుక, మాలు కలిసిన ముక్కల కంకరకు మాత్రం ఆ లీన్ కాంక్రీటే గతి.

#6 మేస్త్రిమాట
కోడ్‌లో ఉండొచ్చు తమ్ముడూ. సైట్లో మిల్లర్ (మాలు కలిపే మిషను) పెట్టి తట్టలతో కొలిచే చోట 20 శాతం 20 శాతంగానే ఉంటుందని నువ్వు రాసిస్తావా? ఏ తట్టలో ఏ కంకరుందో ఎవరు చూస్తారు?

#7 క్యూబ్‌టెస్ట్
ఇద్దరి మాటా నిజమే. తేడా ఎక్కడుందో చూడండి.

పాత కాంక్రీటు పగిలినప్పుడు రాయి శుభ్రంగా విడిపోదు. దాని ఒంటికి పాత మాలు అంటుకునే ఉంటుంది. ఆ మాలు స్పాంజి లాంటిది. మామూలు గ్రానైట్ కంకర 1 శాతం లోపే నీళ్ళు పీలుస్తుంది. ఇది 4 నుంచి 8 శాతం పీలుస్తుంది. పొడి కంకర మిల్లర్‌లో పడగానే మీరు సిమెంటు కోసం పోసిన నీళ్ళు అది తాగేస్తుంది. మాలు గట్టిపడిందని కూలీ ఇంకో బకెట్ పోస్తాడు. ఎంత తాగిందో, ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. బలం పోయేది అక్కడ.

అందుకే ఐఎస్ 383 ఈ కంకరకు 10 శాతం వరకు పీల్చుకోవడాన్ని ఒప్పుకుంటూనే, కలపక ముందే తడిపి ఉంచాలని షరతు పెట్టింది. ఒక రాత్రంతా కుప్ప మీద నీళ్ళు చల్లి, గోనెపట్టాలు కప్పి, పొద్దున నీళ్ళు కారిపోయాక వాడాలి. పైన తడి మెరుపు కనబడకూడదు, లోపల మాత్రం నిండి ఉండాలి.

ఇంట్లోనే చూసుకోవచ్చు. కొంత కంకరను పెనం మీద బాగా ఆరబెట్టి 2000 గ్రాములు తూచండి. 24 గంటలు నానబెట్టి, గుడ్డతో పైతడి తుడిచి మళ్ళీ తూచండి. 2118 గ్రాములు వచ్చిందంటే 118ని 2000తో భాగిస్తే 5.9 శాతం. 10 దాటితే ఆ కుప్పను కాంక్రీట్ జోలికి తేవద్దు.

ఇక పరీక్ష కోసం పోసిన క్యూబు దిమ్మ బలం 25 దాటింది కదా అని 40 శాతం కలిపేవాళ్ళున్నారు. క్యూబు ఒక్కటే పరీక్ష కాదు. ఈ కంకరతో కాంక్రీటు ఎక్కువ కుంచించుకుపోతుంది, బరువుకు ఎక్కువ వంగుతుంది. 15 అడుగుల గది స్లాబు మధ్యలో కిందికి దిగడం క్యూబులో కనబడదు.

పాతింటివాడు గారి ఇంటికి నా సలహా: స్లాబు, బీము, కాలమ్ మూడింటిలో వాడకండి. తూకం వేసి కలిపే ప్లాంటు, ల్యాబు ఉన్న చోట 20 శాతం భేషుగ్గా నడుస్తుంది. మీ సైట్లో అవి ఉండవు.

#8 బ్యాచ్‌ప్లాంట్
దీనికి ఒప్పుకుంటా. ప్లాంటులో వాడేటప్పుడు కూడా కలిపే క్రమం మార్చాలి. కంకర, ఇసుక వేసి సగం నీళ్ళు పోసి ఒక నిమిషం తిప్పాలి. తర్వాత సిమెంటు వేసి తిప్పితే ఆ తడి కంకర చుట్టూ చిక్కటి సిమెంటు పూత పడుతుంది, పాత మాలులోని సన్న పగుళ్ళలోకి దిగుతుంది. చివర్లో మిగతా నీళ్ళు, అడ్మిక్చర్ (కాంక్రీటులో కలిపే రసాయనం). అంతా ఒకేసారి పోసే పద్ధతి కంటే బలం మెరుగ్గా వస్తుంది.

#9 పాతింటివాడు
సరే, స్లాబు ఆశ వదిలేశాను. లీన్ కాంక్రీట్లో 100 శాతం అన్నారు కదా, దానికి ఎంత పడుతుంది?

#10 క్యూబ్‌టెస్ట్
ఫ్లోరింగ్ బెడ్ 1200 చదరపు అడుగులు, 4 అంగుళాలు: 11 ఘనపు మీటర్లు. ఫుటింగ్‌ల కింద బెడ్ 12 గుంతలకు, 1.8 మీటర్ల చదరం, 100 మి.మీ. మందం: దగ్గరదగ్గర 4. మొత్తం 15. ఘనపు మీటరుకు 1.1 టన్నుల ముక్కల కంకర వేసుకుంటే 16, 17 టన్నులు. 80 టన్నుల్లో అంతే. మిగతా కాంక్రీటు రీసైక్లింగ్ ప్లాంటుకు పోవాల్సిందే. 1:4:8 పాళ్ళకు (సిమెంటు, ఇసుక, కంకర) 40 మి.మీ. సైజు చాలు, సన్నగా కొట్టక్కర్లేదు.

ఫిల్లింగ్ వైపు చూస్తే ప్లింత్ 2 అడుగులు లేపితే 68 ఘనపు మీటర్లు కావాలి. మీ ఇటుక ముక్కల్లో మూడింట రెండు వంతులు అక్కడే ఇమిడిపోతాయి.

#11 మేస్త్రిమాట
ఫిల్లింగ్ మాట వచ్చింది కాబట్టి వివరంగా రాస్తా, అందరూ తప్పు చేసేది ఇక్కడే.

ట్రాక్టరు వెనక్కి తెచ్చి గోడ ముక్కల్ని అలాగే లోపలికి దించేస్తారు. పెద్ద ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని కమానులా నిలబడతాయి, మధ్యలో గుహలుంటాయి. పైన మట్టి పోసి నీళ్ళు పెడితే నిండినట్టు కనబడుతుంది. రెండు వానాకాలాల తర్వాత పై మట్టి ఆ గుహల్లోకి జారుతుంది. టైల్సు కింద డొల్ల మోత, ఆనక పగుళ్ళు.

ముక్క 3 అంగుళాలకు మించకూడదు. సమ్మెటతో కొట్టించండి. 6 అంగుళాల పొర వెయ్యండి, దాని మీద మొరం చల్లి ముక్కల సందుల్లోకి దిగేదాకా నీళ్ళు కొట్టండి. ఒక వంతు ముక్కలకు దాదాపు 0.4 వంతు మొరం తీసుకుంటుంది. తర్వాత ప్లేట్ కంపాక్టర్ కనీసం నాలుగు సార్లు. గోడల మూలల్లో మిషను పోదు, అక్కడ దిమ్మిసతో కొట్టాల్సిందే. మళ్ళీ పొర. నల్ల రేగడి మట్టి కలపనే కలపొద్దు, తడిస్తే ఉబ్బి ఫ్లోరింగ్‌ను లేపుతుంది.

చెక్క ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు. చౌకట్ల ముక్కలు, సెంట్రింగ్ చెక్క పేళ్ళు లోపల ఉంటే చెదలకు విందు పిలుపే. పై పొర అయ్యాక చెదల మందు కొట్టించి ఆ తర్వాతే బెడ్ వెయ్యండి.

#12 సాగరతీరం
విశాఖ వైపు ఇంకో చిక్కుంది, హైదరాబాదులో పాత బాత్రూము గోడలకూ వర్తిస్తుంది. కింద మూడడుగులు తెల్లగా ఉప్పు పొంగిన ఇటుక ఫిల్లింగ్‌లో వేస్తే ఆ ఉప్పు తడితో పాటు కొత్త గోడలోకి ఎక్కుతుంది, రంగు పొలుసులుగా రాలుతుంది. ఆ భాగాన్ని వేరే కుప్ప పెట్టించండి.

సముద్రం పక్క పాత కాంక్రీటులో క్లోరైడ్ ఉంటుంది. ఐఎస్ 456:2000 ప్రకారం ఇనుమున్న కాంక్రీట్లో ఘనపు మీటరుకు 0.6 కిలోల క్లోరైడ్ దాటకూడదు. తుప్పు పట్టి పెచ్చులూడిన స్లాబు ముక్కలతో కంకర చేసి మళ్ళీ ఇనుము చుట్టూ పోస్తే ఆ తుప్పు రోగాన్ని కొత్తింటికి అంటించినట్టే.

#13 కొత్తమేడ
#12, అయితే మా భీమిలి ఇల్లు మొత్తం వేస్టేనా?

#14 సాగరతీరం
కాదండీ. ఇనుము లేని చోట్ల, అంటే ఫ్లోరింగ్ బెడ్‌కి, రోడ్డు అడుగు పొరకి చక్కగా వాడుకోవచ్చు. క్లోరైడ్ గొడవ ఇనుముతోనే.

#15 రూల్‌బుక్
కూల్చే ముందు రోజుల్లో చేయాల్సింది ఎవరూ రాయలేదు. బ్రేకర్ తగలక ముందే ఇల్లు వలిచెయ్యాలి.

మొదట సిమెంటు రేకులు. పాత షెడ్డు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పగలగొట్టొద్దు, కొయ్యొద్దు, క్రషర్‌లో అసలు వెయ్యొద్దు. నీళ్ళతో తడిపి, బోల్టులు విప్పి పూర్తి రేకుగా దించి, మందపాటి ప్లాస్టిక్ షీటులో రెండు చుట్లు చుట్టాలి. అది ప్రమాదకర వ్యర్థం. దాని దారి వేరు. ఫిల్లింగ్‌లో దాచెయ్యడం మీ పిల్లలకు ఆ పీచును వదిలిపెట్టడమే.

తర్వాత పీఓపీ, జిప్సం ఫాల్స్ సీలింగ్. చూడటానికి సున్నంలా ఉంటుంది, కాంక్రీటుకు విషం. అందులోని సల్ఫేట్ సిమెంటుతో కలిసి గట్టిపడ్డాక ఉబ్బుతుంది.

#16 క్యూబ్‌టెస్ట్
#15కి అంకెలు. కాంక్రీట్లో మొత్తం సల్ఫేట్ సిమెంటు బరువులో 4 శాతం దాటకూడదని ఐఎస్ 456:2000. సిమెంటులోనే 3 శాతం దాకా ఉంటుంది. 300 కిలోల సిమెంటున్న ఘనపు మీటరులో ఇక మిగిలిన వెసులుబాటు 3 కిలోలు, జిప్సంగా చూస్తే ఆరున్నర కిలోలు. ఒక పెద్ద జిప్సం బోర్డు బరువు అంతకు రెట్టింపు పైనే. అంటే బోర్డులో సగం ముక్క పొరపాటున క్రషర్‌లో పడినా ఒక ఘనపు మీటరు చెడినట్టే.

గుర్తుపట్టడం సులువు. గోటితో గీస్తే జిప్సం గీత పడుతుంది, సిమెంటు మాలు పడదు.

#17 బ్లాక్‌యార్డ్
సిమెంటు ఇటుకల ప్రశ్న అలాగే ఉండిపోయింది. పోయించుకోవచ్చు, ముక్కల కంకరకు అన్నింటికన్నా తగిన చోటు అదే. 6 అంగుళాల సాలిడ్ బ్లాకు అంటే 400 × 200 × 150 మి.మీ., బరువు 25 కిలోల పైచిలుకు.

ట్రయల్‌కి మొదలుపెట్టే పాళ్ళు, ఒక బస్తా సిమెంటుకు:
సిమెంటు 50 కిలోలు
క్రషర్ డస్ట్ 200 కిలోలు
మామూలు చిప్స్, 6 నుంచి 10 మి.మీ., 115 కిలోలు
కాంక్రీటు ముక్కల చిప్స్, 6 నుంచి 12 మి.మీ., 135 కిలోలు

దీంతో దాదాపు 20 బ్లాకులు వస్తాయి. నీళ్ళు 25 లీటర్లతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచాలి. మాలు గుప్పిట్లో పిసికితే ఉండ కట్టాలి, అరచెయ్యి తడవకూడదు. ఉండ విరిగిపోతే నీళ్ళు తక్కువ, అచ్చు ఎత్తగానే బ్లాకు పొట్ట ఉబ్బితే ఎక్కువ.

14 రోజులు తడి ఆరకుండా ఉంచాలి, ఆపైన 4 వారాలు నీడన ఆరాలి. ఐఎస్ 2185 మొదటి భాగం చెప్పేది ఇదే. ఆరకముందే గోడ కడితే బ్లాకు గోడలో కుంచించుకుని కిటికీ మూలల నుంచి మెట్ల మాదిరి పగుళ్ళు వస్తాయి. ముక్కల కంకరతో ఆ కుంచింపు ఇంకాస్త ఎక్కువ కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

28 రోజులకు కనీసం 8 బ్లాకులు ల్యాబుకు పంపండి. సాలిడ్ బ్లాకుకు సగటున చదరపు మి.మీ.కు 4 లేదా 5 న్యూటన్ల బలం రావాలి, గ్రేడును బట్టి. నీళ్ళు పీల్చడం 10 శాతం లోపు.

#18 కొత్తమేడ
135 కిలోల ముక్కల చిప్స్ పొడిగా వేసి, నీళ్ళు ఎక్కువ పోస్తే సరిపోదా? తడపడం, కప్పడం ఎందుకు?

#19 బ్లాక్‌యార్డ్
లెక్క చూడండి. 6 శాతం పీల్చే చిప్స్ 135 కిలోలు 8 లీటర్లు తాగుతాయి. వాటిలో అప్పటికే 1 శాతం తడి ఉంటే ఇంకా 7 లీటర్లు దాకా కావాలి. మాలు మొత్తానికి పోసేదే 30 లీటర్ల లోపు. పైగా అవి తాగడానికి టైము పడుతుంది. మీరు ముందే అదనంగా పోస్తే అచ్చులో పడేసరికి జారుగా ఉంటుంది, బ్లాకు కూలుతుంది. పొయ్యకపోతే అచ్చు ఎత్తాక ఎండి అంచులు పొడిగా రాలతాయి.

#20 మేస్త్రిమాట
4.75 మి.మీ. జల్లెడ కింద పడే పొడి కూడా డస్ట్ బదులు కలపొచ్చని కొందరంటారు. నేను ఒప్పుకోను.

#21 క్యూబ్‌టెస్ట్
మీరన్నది సరైన మాట. పాత సిమెంటు పేస్టంతా ఆ పొడిలోనే చేరుతుంది, నీళ్ళు తాగడంలో కంకర కంటే అదే ముందుంటుంది. కోడ్‌లో సన్న కంకరకూ 20, 25 శాతాల అనుమతి ఉంది గానీ, ఉతికి, మట్టి తీసే ప్లాంటులో వచ్చిన పొడి మాట అది. ఇంటి దగ్గర కొట్టిన పొడిని ఫిల్లింగ్‌లో సందులు నింపడానికి, అంటే #11లో చెప్పిన మొరంలో కొంత భాగంగా వాడండి.

#22 రోడ్డుపని
పాత మట్టి అడుసు గోడల ఇళ్ళవాళ్ళకు ఒక హెచ్చరిక, ఇక్కడ చాలామంది అడుగుతుంటారు. ఆ ముక్కల్ని రోడ్డు అడుగు పొరకు తీసుకోం. జీఎస్‌బీ పొరలో, అంటే ఆ అడుగు పొరలో, సన్న మట్టికి లిక్విడ్ లిమిట్ 25, ప్లాస్టిసిటీ ఇండెక్స్ 6 (మట్టి ఎంత తేలిగ్గా బురదవుతుందో చెప్పే అంకెలు) దాటకూడదు. అడుసు మట్టి దానికి నిలవదు, వానకు బురదై పొర జారుతుంది. సిమెంటు మాలు గోడలైతే సరే. కాంక్రీటు ముక్కలైతే ఇంకా మంచిది, ఐఆర్‌సీ 121:2017 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం) మొత్తం దీని మీదే ఉంది. అపార్టుమెంటు లోపలి దారులకు ఇంతకన్నా చవకైన మంచి అడుగు పొర లేదు.

#23 పాతింటివాడు
పేవర్ టైల్స్ కూడా ఇలాగే పోయించుకోవచ్చా? కారు పార్కింగ్‌కి కావాలి.

#24 బ్లాక్‌యార్డ్
పేవర్ అంత తేలిక కాదు. ఐఎస్ 15658లో నీళ్ళు పీల్చడం సగటున 6 శాతం దాటకూడదు. తేలికపాటి బండ్లకు 60 మి.మీ., ఎం35. ఇటుక కలిసిన కంకరతో రాదు. శుభ్రమైన కాంక్రీటు ముక్కల చిప్స్ అడుగు పొరలో కొంత వేసి, పైన 6 మి.మీ. రంగు పొర మాత్రం మామూలు కంకరతో వెయ్యాలి. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లు రోజుకు 500 టన్నుల చొప్పున ఈ వ్యర్థాల కోసమే ఉన్నాయి. పేవర్లు కావాలంటే అలాంటి చోట తయారైనవి, టెస్టు రిపోర్టు చూసి కొనుక్కోండి. మీ 60 టన్నుల మిగులు కాంక్రీటూ అక్కడికే పంపొచ్చు.

#25 రోడ్డుపని
సొంతంగా కొట్టించాలనుకునేవాళ్ళకు: 16 × 10 అంగుళాల చిన్న జా క్రషర్ గంటకు 10 టన్నుల ప్రాంతం లాగుతుంది. లోపలికి వేసే ముక్క 7 అంగుళాలు దాటకూడదు, ఇనుప చువ్వ ఒక్కటీ ఉండకూడదు. చువ్వ దవడల మధ్య పడితే బెల్టు తెగుతుంది. 17 టన్నుల కోసం మిషను తెప్పించడం దండగ, 40 మి.మీ. సైజు సమ్మెటకే వస్తుంది. నాలుగైదు ఇళ్ళు ఒకేసారి కూలే వీధైతే తెప్పించండి.

#26 కొత్తమేడ
పాత చువ్వలు సరిచేసి కొత్త సజ్జలకు వాడొచ్చు కదా, కాంట్రాక్టరుకు ఎందుకు వదలాలి?

#27 క్యూబ్‌టెస్ట్
1987 నాటివి చాలావరకు మెలితిప్పిన టోర్ చువ్వలు. చల్లగా మెలిపెట్టినవి, అప్పటికే సాగే గుణం కొంత ఖర్చయిపోయింది. వంగిన చోట తిరిగి సరిచేస్తే ఆ మలుపులో సన్న పగులు పడుతుంది, కంటికి కనబడదు. స్క్రాపుకు అమ్మండి, టన్ను లెక్కన తూకం మీ ముందే వేయించండి. కాంట్రాక్టరు ఇనుము అడిగేది ఊరికే కాదు.

#28 బ్యాచ్‌ప్లాంట్
మిగిలిన రెడీమిక్స్ సంగతి. అర ఘనపు మీటరు మిగిలితే 1.2 టన్నులు. అది మిగలకుండా చేయడమే అసలు పని.

ఆఖరి లారీని ముందే ఆర్డరులో పెట్టొద్దు. "బ్యాలెన్స్ కొలిచి చెప్తాం" అని ప్లాంటుతో ముందే మాట్లాడుకోండి. ఆఖరి నుంచి రెండో లారీ సగం ఖాళీ అయినప్పుడు పోయని భాగం పొడవు, వెడల్పు టేపుతో కొలవండి. మందం మాత్రం డ్రాయింగులో ఉన్నది వేసుకోకండి, సెంట్రింగ్ రెండు మూడు చోట్ల దిగి ఉంటుంది. చువ్వ గుచ్చి నాలుగు చోట్ల కొలిచి సగటు తీసుకోండి. బీముల లోతు విడిగా కూడండి. దానికి 3 శాతం కలిపి చెప్పండి.

అయినా మిగులుతుంది. అందుకే స్లాబు రోజుకు రెండో చోటు సిద్ధంగా ఉంచాలి: ప్రహరీ గోడ కింద బెడ్, ఇంటి చుట్టూ ప్లింత్ ప్రొటెక్షన్, గేటు ర్యాంపు. తవ్వి, లెవెలు చేసి, అంచు పలకలు బిగించి పెట్టుకోండి. మాలు వచ్చాక తవ్వడం మొదలుపెడితే అది పోసేలోగా గట్టిపడుతుంది.

లోడింగ్ నుంచి 2 గంటల లోపు దించాలని ఐఎస్ 4926. ఆ టైము దాటి, నీళ్ళు పోసి జారుగా చేసిన మాలును లింటెల్‌లో గానీ, మెట్లలో గానీ వెయ్యకూడదు. బెడ్‌లోకి మాత్రమే.

ప్లాంటుకు తిరిగొచ్చే మాలుకు మేము వాడేది ఇనుప అచ్చులు, 1.2 × 0.6 × 0.6 మీటర్లు. ఒక్కోటి ఒక టన్ను పైచిలుకు దిమ్మ. కంకర, ఇసుక బిన్నుల మధ్య గోడలుగా పేర్చుతాం. ఎత్తే కొక్కేనికి 16 మి.మీ. నున్నటి మైల్డ్ స్టీలు కడ్డీనే వాడాలి. టీఎంటీ వంచి పెడితే మలుపు దగ్గర తెగి దిమ్మ కాళ్ళ మీద పడుతుంది.

#29 కొత్తమేడ
లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే డ్రైవర్లు డ్రమ్ములో పంచదార వేస్తారట, నిజమా? ఇంట్లో టీకే చాలట్లేదు.

#30 బ్యాచ్‌ప్లాంట్
నిజమే. సిమెంటు బరువులో 0.05 శాతం, అంటే 300 కిలోలకు 150 గ్రాములు, గట్టిపడటాన్ని నాలుగు గంటల దాకా ఆలస్యం చేస్తుంది. 0.2 శాతం పైకి పోతే ఆ మాలు ఇక గట్టిపడుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. డ్రమ్మును కాపాడుకోవడానికే అది, ఆ మాలును స్లాబులో పొయ్యడానికి కాదు. పద్ధతిగా చేసేచోట సోడియం గ్లూకోనేట్ ఆధారంగా చేసిన రిటార్డర్ (గట్టిపడటాన్ని ఆలస్యం చేసే మందు) కొలిచి వేస్తారు. తిరిగొచ్చిన మాలును దాంతో ఆపి, తర్వాతి లోడులో కొద్ది వంతుగా కలుపుతారు.

#31 మేస్త్రిమాట
మన పెద్దలు సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసేవాళ్ళు. తీపి సంబంధం పాతదే.

#32 డాలస్‌తెలుగు
డ్రమ్ము కడిగిన నీళ్ళ సంగతి కూడా చెప్పండి. ఒక్కో డ్రమ్ముకు 500 నుంచి 1000 లీటర్లు. ఇక్కడ అమెరికాలో ఏఎస్‌టీఎం సీ1602 అనే ప్రమాణం ప్రకారం కలిపే నీళ్ళలో మొత్తం ఘనపదార్థం 50,000 పీపీఎం (లీటరుకు దాదాపు అన్ని మిల్లీగ్రాములు) దాకా సరే. అందుకే బూడిదరంగు నీళ్ళను కూడా మళ్ళీ వాడతారు.

#33 బ్యాచ్‌ప్లాంట్
మన ఐఎస్ 456:2000 చాలా గట్టిది. తేలాడే మడ్డి లీటరుకు 2000 మిల్లీగ్రాములు మాత్రమే. సల్ఫేట్ 400, ఆర్‌సీసీకి క్లోరైడ్ 500. కాబట్టి మూడు గుంతల్లో వరసగా తేర్చి, మూడో గుంత పైనీళ్ళే వాడాలి. రీక్లెయిమర్ మిషనుంటే రాయి, ఇసుక కడిగి వెనక్కి ఇస్తుంది, మిగిలిన స్లరీని (సిమెంటు మడ్డి నీళ్ళను) కలియతిప్పుతూ ఉంచాలి, లేకపోతే ట్యాంకు అడుగున బండ కడుతుంది. స్లరీ సాంద్రత 1.03 ఉంటే లీటరుకు 50 గ్రాముల దాకా మడ్డి ఉన్నట్టు. హైడ్రోమీటరుతో గంటగంటకూ చూడాలి.

ఆ నీళ్ళ పీహెచ్ 12 పైన, అంటే ఘాటైన క్షారం. చేతులు పగులుతాయి, మురిక్కాలువలోకి వదిలితే చెరువులో చేపలు చస్తాయి. సైట్లో పైపు కడిగిన నీళ్ళూ అంతే. ఒక గుంత తీసి ప్లాస్టిక్ షీటు పరిచి అందులోకే వదలమనండి.

#34 పాతింటివాడు
ఇంకుడు గుంతలో కాంక్రీటు ముక్కలు నింపొచ్చని మా బావ అన్నాడు. పీహెచ్ 12 అంటుంటే భయమేస్తోంది.

#35 డాలస్‌తెలుగు
భయం సరైనదే. కొత్తగా పగిలిన కాంక్రీటు మీదుగా పారే నీళ్ళలో సున్నం కరుగుతుంది. గాలి తగలగానే అది తెల్లని సున్నపురాయి పొరగా పేరుకుంటుంది. ఇక్కడ రోడ్ల కింద ముక్కల కంకర వేసిన చోట్ల పక్కనున్న డ్రైను పైపుల జాలీలు ఇలాగే మూసుకుపోతాయి.

#36 మేస్త్రిమాట
ఇంకుడు గుంతకు గట్టిగా కాలిన ఇటుక ముక్కలు, మాలు రాల్చేసినవి వెయ్యండి. అడుగున 4 అంగుళాల ముక్కలు, మధ్యలో 40 మి.మీ. కంకర, పైన దొడ్డు ఇసుక. కాంక్రీటు ముక్కలే ఉంటే పొడి జల్లించి, ఒక వానాకాలం బయట తడవనిచ్చి అప్పుడు వాడుకోవచ్చు.

#37 పాతింటివాడు
ఆఖరిగా ఒకటి. నా ప్లాటు 200 గజాలే. నాలుగు కుప్పలు పెట్టడానికి జాగా ఎక్కడిది?

#38 రూల్‌బుక్
ఒకేసారి అన్నీ పెట్టక్కర్లేదు, కూల్చే వరుస మార్చుకుంటే చాలు. మొదటి మూడు నాలుగు రోజులు తలుపులు, వైర్లు, పైపులు, సీలింగ్, టైల్స్ మాత్రమే. అవి వెళ్ళిపోయాక పై స్లాబు ఒక్కటే పగలగొట్టి, చువ్వలు వేరుచేసి, కాంక్రీటు అదే రోజు పంపెయ్యండి. మర్నాడు పై గోడలు, ఆ ఇటుక వెనక భాగంలో ఆగుతుంది. తర్వాత కింది స్లాబు. ఇందులోంచి బెడ్‌కి కావాల్సిన 17 టన్నులు పక్కన పెట్టుకోండి, దానికి 10 అడుగుల చదరం చోటులో 4 అడుగుల ఎత్తు చాలు. చివర్లో కింది గోడలు. బ్రేకర్ డ్రైవరుకు ఈ వరుస కాగితం మీద రాసివ్వండి, లేకపోతే ఒక మూల నుంచి మొదలుపెట్టి స్లాబూ గోడా కలిపి ఒక్క పూటలో గుట్ట చేస్తాడు.